విదేశంలో అద్దె బండి: స్కూటరా, గేరు బండా, వెనక సీటా?

కొత్త దేశంలోని తీరాలను, పల్లెలను, కొండదారులను మనకు నచ్చిన వేళకు, నచ్చిన చోట ఆగుతూ చూడాలంటే అద్దెకు తీసుకున్న రెండు చక్రాల బండిని మించినది లేదన్నది నిజమే. అయితే ఆ బండిని ఎంచుకునే వరుస చాలామంది విషయంలో తలకిందులుగా సాగుతుంది. ముందు బండి నచ్చుతుంది, తరువాత అద్దె బేరం కుదురుతుంది, తాళంచెవి చేతికి వచ్చాక హెల్మెట్ గుర్తొస్తుంది, పోలీసు ఆపినప్పుడు లైసెన్సు గుర్తొస్తుంది, ఆసుపత్రిలో చేరినప్పుడు బీమా గుర్తొస్తుంది. ఈ వరుసను తిరగేసి లైసెన్సు, బీమా, దారి, చేతి అలవాటు అనే క్రమంలో ఆలోచిస్తే, బండిని ఎంచుకునే సమయానికి మిగిలేవి ఒకటి రెండు మార్గాలే.

ఆటోమేటిక్ స్కూటర్, క్లచ్ లివరు లేకుండా కాలితో గేర్లు మార్చే సెమీ ఆటోమేటిక్ బండి, క్లచ్ ఉన్న గేరు బైకు, చిన్న విద్యుత్ బండి, అనుభవమున్న చోదకుడి వెనక సీటు అనే అయిదింటి మధ్య తేల్చుకోలేక ఊగిసలాడుతున్న వారి కోసం ఈ పోలిక. అద్దె ధరల జోలికి ఇందులో వెళ్ళడం లేదు. అవి ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి; పైగా ఒక రకం బండికీ మరో రకానికీ రోజు అద్దెలో ఉండే తేడా, ఒక్క ప్రమాదం తెచ్చిపెట్టే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

## ముందు తేల్చుకోవలసినవి

### లైసెన్సు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చేతిలో ఉంటే ఏ దేశంలోనైనా ఏ బండైనా నడపవచ్చనే అపోహ బలంగా పాతుకుపోయి ఉంది. ఆ పర్మిట్ సొంతంగా ఏ హక్కునూ ఇవ్వదు. స్వదేశపు లైసెన్సులో ఇప్పటికే ఉన్న హక్కులను మరో దేశపు అధికారులు చదవగలిగే రూపంలో చూపుతుంది, అంతే. కనుక అసలు లైసెన్సులో మోటార్‌సైకిల్ తరగతి లేకపోతే పర్మిట్‌లోని ‘ఏ’ గడిలో ముద్ర పడదు. కారుకు చెందిన ‘బీ’ గడిలో మాత్రమే ముద్ర ఉన్న పర్మిట్‌తో 125 సీసీ స్కూటర్ నడిపితే, చాలా దేశాల్లో అది లైసెన్సు లేకుండా నడపడం కిందికే వస్తుంది. అద్దె దుకాణదారు ఆ పుస్తకాన్ని చూసి తలూపినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. చాలా చోట్ల వారు అసలు అడగనే అడగరు, ఎందుకంటే పట్టుబడితే జరిమానా కట్టేది వారు కాదు.

రెండో మెలిక ఇంకా లోతైనది. ఇప్పుడు వాడుకలో ఉన్న పర్మిట్లు ప్రధానంగా రెండు ఒప్పందాల కింద వస్తాయి: ఒకటి 1949 నాటి జెనీవా ఒప్పందం, మరొకటి 1968 నాటి వియన్నా ఒప్పందం. మొదటి దాని కింద ఇచ్చే పర్మిట్ ఏడాదికి మించి చెల్లదు. రెండో దాని కింద ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్ళు చెల్లుతుంది. భారత్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలు ఇచ్చేది 1949 పద్ధతి పర్మిట్. వియన్నా ఒప్పందంలో 2014లో చేరిన వియత్నాం 1968 పర్మిట్‌ను గుర్తిస్తుంది గానీ 1949 నాటి దానిని గుర్తించదు. జపాన్‌ది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పద్ధతి: అక్కడ 1949 పర్మిట్ చెల్లుతుంది, 1968 పర్మిట్ చెల్లదు. 2020లో వియన్నా ఒప్పందాన్ని కూడా ఆమోదించిన థాయిలాండ్‌లో రెండూ చెల్లుతాయి. చైనా ప్రధాన భూభాగంలో ఏదీ చెల్లదు. బ్రిటన్ వంటి దేశాలు మాత్రం గమ్యాన్ని బట్టి ఈ పర్మిట్ కావాలో ఆ పర్మిట్ కావాలో అడిగి ఇస్తాయి. అందువల్ల బయలుదేరే ముందు తమ పర్మిట్ అట్ట మీద ఏ సంవత్సరపు ఒప్పందం పేరు ఉందో చూసుకుని, గమ్యదేశం దేనిని ఒప్పుకుంటుందో దానితో సరిపోల్చుకోవడం ప్రయాణికుడి మొదటి పని. స్వదేశంలో అధికారం ఉన్న సంస్థ ఇవ్వని, ఇంటర్నెట్‌లో డబ్బు కడితే వచ్చే ‘అంతర్జాతీయ లైసెన్సు’ కార్డులకు చట్టపరంగా విలువ లేదు. అసలైన పర్మిట్ అయినా స్వదేశపు లైసెన్సు పక్కన ఉన్నప్పుడే పనికొస్తుంది. ఒకటి ఇంట్లో పెట్టి ఒకటి తెచ్చుకుంటే రెండూ లేనట్టే.

తరగతులలోనూ తేడాలున్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో గంటకు 45 కి.మీ. మించని 50 సీసీ మోపెడ్లు ‘ఏఎం’ తరగతిలోకి, 125 సీసీ వరకు, 11 కిలోవాట్ల శక్తికి మించనివి ‘ఏ1’లోకి, 35 కిలోవాట్ల వరకు ఉన్నవి ‘ఏ2’లోకి వస్తాయి. ద్వీపంలో సరదాగా తిరుగుదామని అడిగిన 300 సీసీ స్కూటర్‌కు కూడా అక్కడ కనీసం ‘ఏ2’ తరగతి మోటార్‌సైకిల్ లైసెన్సు అడుగుతారని ముందే తెలిసి ఉండాలి.

### బీమా

ప్రయాణ బీమా తీసుకున్నవారిలో ఎక్కువ మంది మోటార్‌సైకిల్‌కు సంబంధించిన షరతును చదవరు. సాధారణంగా ఆ షరతులో నాలుగు మాటలు ఉంటాయి: నడిపే వ్యక్తికి ఆ తరగతి బండికి చెల్లే లైసెన్సు ఉండాలి, హెల్మెట్ పెట్టుకుని ఉండాలి, మద్యం తాగి ఉండకూడదు, ఇంజిన్ పరిమాణం పాలసీలో రాసిన హద్దు దాటకూడదు. కొన్ని పాలసీలు 125 సీసీ దగ్గరే గీత గీస్తాయి; కొన్ని మోటార్‌సైకిల్‌ను పూర్తిగా మినహాయించి, అదనపు రుసుము కడితేనే చేరుస్తాయి. పర్మిట్ చెల్లని దేశంలో బండి నడుపుతూ పడితే, జరిమానా సంగతి పక్కన పెట్టినా, ఆసుపత్రి బిల్లు మొత్తం సొంత జేబులోంచే పోయే ప్రమాదం ఉంది. విరిగిన కాలుకు శస్త్రచికిత్స, ఆపై స్వదేశానికి విమానంలో పడుకోబెట్టి తరలించడం వంటివి మధ్యతరగతి కుటుంబం ఏళ్ళ తరబడి తీర్చవలసిన అప్పులు.

ఎదుటివారికి కలిగే నష్టం మరో లెక్క. ప్రయాణ బీమా చాలాసార్లు దానిని భరించదు. బండికి ఉన్న బీమా భరిస్తుందనుకుంటే, అది ఎంతవరకో కాగితం చూసి తెలుసుకోవాలి. ఉదాహరణకు థాయిలాండ్‌లో ప్రతి వాహనానికీ తప్పనిసరిగా ఉండవలసిన బీమా మనుషుల గాయాలకూ మరణాలకూ మాత్రమే వర్తిస్తుంది. గుద్దుకున్న కారు డోరుకు గానీ, అద్దె బండి విరిగిన అద్దానికి గానీ అది పైసా ఇవ్వదు. కనుక దుకాణంలో ‘బీమా ఉంది’ అన్నప్పుడు ‘ఎవరికి, దేనికి, ఎంతవరకు’ అని మూడు ప్రశ్నలు వేసి జవాబును ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి.

### దారి

బండిని ఎక్కుడు దారిని చూసి కాదు, దిగుడు దారిని చూసి ఎంచుకోవాలి. ఎక్కుడులో బలం చాలని బండి మెల్లగా పోతుంది, అంతకంటే నష్టం లేదు. దిగుడులో అదుపు చాలని బండి లోయలోకి పోతుంది. ఉత్తర థాయిలాండ్‌లోని మే హాంగ్ సాన్ వలయం 1,864 మలుపుల దారిగా పేరు మోసింది. వియత్నాంలో హ్యూ, డా నాంగ్ నగరాల మధ్య ఉన్న హై వాన్ కనుమ సముద్రమట్టం నుంచి సుమారు 500 మీటర్ల ఎత్తుకు ఎక్కి మళ్ళీ సముద్రం దగ్గరికే దిగుతుంది. 2005లో తెరిచిన సొరంగంలోకి మోటార్‌సైకిళ్ళను నడుపుతూ వెళ్ళనివ్వరు కాబట్టి బండి మీద వెళ్ళేవారికి ఆ పాత ఘాట్ రోడ్డే దారి. ఇలాంటి చోట్ల ఏ బండి అన్న ప్రశ్నకు అర్థం ఉంది. చదునైన ద్వీపంలో హోటల్ నుంచి తీరానికి పోయి రావడానికైతే దాదాపు ఏ బండైనా ఒకటే.

ఏ పక్కన నడపాలన్నదీ దారిలో భాగమే. థాయిలాండ్, ఇండోనేషియా, మలేషియా, శ్రీలంక, నేపాల్, జపాన్ దేశాల్లో ఎడమ వైపు నడుపుతారు. వియత్నాం, లావోస్, కంబోడియా, ఫిలిప్పీన్స్‌లతో పాటు యూరప్ ఖండంలోని చాలా దేశాల్లో కుడి వైపు. అలవాటు తప్పేది రద్దీ రోడ్డు మీద కాదు, ఎందుకంటే అక్కడ ముందు బండి వెంట పోతాం. ఉదయాన్నే ఖాళీ రోడ్డు మీదికి పెట్రోలు బంకులోంచి మలుపు తిరిగేటప్పుడు చెయ్యి పాత అలవాటు వైపు తిప్పుతుంది. అవతలి పక్కన నడపడం ఇదే మొదటిసారి అయితే, దానితో పాటు కొత్త రకం బండిని కూడా మొదటిసారి ఎక్కడం అనవసరమైన సాహసం.

వేగమార్గాల సంగతి కూడా చూడాలి. జపాన్‌లో 125 సీసీ, అంతకు తక్కువ బండ్లను ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి రానివ్వరు. వియత్నాంలో మోటార్‌సైకిళ్ళకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద ప్రవేశం లేదు. మలేషియా ఇందుకు భిన్నంగా కొన్ని రహదారుల్లో వాటికి విడి దారినే ఇచ్చింది. మ్యాప్ చూపిన దగ్గరి దారి మన బండికి చట్టం ఒప్పుకునే దారి కాకపోవచ్చు.

## ఒక్క చూపులో

| ఎంపిక | లైసెన్సు | దిగుడులో అదుపు | నేర్చుకునే శ్రమ | తోడు, సామాను | నప్పే చోటు |
|---|---|---|---|---|---|
| ఆటోమేటిక్ స్కూటర్, 110–160 సీసీ | మోటార్‌సైకిల్ తరగతి కావాలి | తక్కువ, భారం బ్రేకుల మీదే | చాలా తక్కువ | సీటు కింద చోటు, ఇద్దరికి పరవాలేదు | పట్టణం, తీరం, ద్వీపం |
| సెమీ ఆటోమేటిక్, 110–125 సీసీ | మోటార్‌సైకిల్ తరగతి కావాలి | మంచిది | కొంత | ఒక్కరికి హాయి | కొండదారి, పల్లె రోడ్డు |
| క్లచ్ ఉన్న గేరు బైకు, 150–300 సీసీ | కావాలి, కొన్ని చోట్ల పై తరగతి | అన్నింటికంటే మంచిది | అలవాటు లేనివారికి ఎక్కువ | సామానుకు అనువు | దూర ప్రయాణం, మట్టి దారి |
| 50 సీసీ లోపు లేదా చిన్న విద్యుత్ బండి | కొన్ని దేశాల్లో సడలింపు | వేగం తక్కువ కాబట్టి పరవాలేదు | లేదు | ఒక్కరికే | చదునైన చిన్న ఊరు |
| చోదకుడి వెనక సీటు | అక్కర్లేదు | చోదకుడి నైపుణ్యం | లేదు | చిన్న సంచి | కష్టమైన కొండదారి |

## ఆటోమేటిక్ స్కూటర్

ఆగ్నేయాసియాలో అద్దె బండి అంటే ఎక్కువగా ఇదే: హోండా క్లిక్, హోండా స్కూపీ, కాస్త పెద్దవైతే యామహా ఎన్‌మ్యాక్స్, హోండా పీసీఎక్స్. క్లచ్ లివరు, గేరు పెడల్ లేకపోవడం వల్ల ధ్యాసంతా రోడ్డు మీదే పెట్టవచ్చు. కొత్త దేశపు రద్దీలో అది చిన్న సౌకర్యం కాదు. సీటు కింద వర్షపు కోటు, నీళ్ళ సీసా, కాగితాలు పడతాయి.

లోపం దిగుడులో బయటపడుతుంది. స్కూటర్ వేగం బాగా తగ్గి ఇంజిన్ తిరుగుడు పడిపోయినప్పుడు ఇంజిన్ వేగాన్ని బట్టి దానంతటదే పట్టి విడిచే లోపలి సెంట్రిఫ్యూగల్ క్లచ్ విడిపోతుంది. అక్కడి నుంచి బండి బరువు, మనిషి బరువు, వెనక కూర్చున్నవారి బరువు అన్నీ బ్రేకులే మోయాలి. అరగంట సేపు వెనక బ్రేకును అదేపనిగా నొక్కుతూ దిగితే డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది. ముందు బ్రేకులోని ద్రవం మరిగితే లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. దీనిని తప్పించుకోవాలంటే మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి కాసేపు గట్టిగా పట్టి వదిలేయాలి. నడుమ నడుమ యాక్సిలరేటర్‌ను కొద్దిగా తిప్పి క్లచ్‌ను మళ్ళీ పట్టించాలి. పొడవైన దిగుడులో ఒకటి రెండు చోట్ల ఆగి బ్రేకులు చల్లారనివ్వాలి. చక్రాలు చిన్నవి కాబట్టి గుంతల రోడ్డు మీద కుదుపు ఎక్కువ, చెదిరిన కంకర మీద జారడమూ ఎక్కువే.

ఇద్దరు ప్రయాణం చేసేటప్పుడు 110 సీసీ కంటే 150–160 సీసీ స్కూటర్ నయం. బలం కోసం కాదు. వెనక కూడా డిస్కు బ్రేకు, ముందు చక్రానికైనా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి దొరికే అవకాశం ఆ తరగతిలోనే ఎక్కువ. అయితే బీమా పాలసీ 125 సీసీ దగ్గర ఆగిపోతే ఈ మేలు పనికిరాదు.

## సెమీ ఆటోమేటిక్

హోండా సూపర్ కబ్ 1958లో మొదలుపెట్టిన వంశం ఇది. ఆ ఒక్క శ్రేణి ఉత్పత్తి 2017 నాటికి 10 కోట్లు దాటింది. హోండా వేవ్ వంటి బండ్లు దాని వారసులే. ఎడమ చేతికి క్లచ్ లివరు ఉండదు. ఎడమ కాలి కింద గేరు పెడల్ ఉంటుంది. దిగుడులో రెండో గేరులో పెట్టి వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. పెద్ద చక్రాలు, తక్కువ బరువు, ఏ పల్లెలోనైనా మరమ్మతు చేయగలిగే యంత్రం కావడం వల్ల కొండదారులకు ఇది మంచి నేస్తం. నా అభిప్రాయంలో, గేరు బండి అలవాటు ఉండి ఒంటరిగా వెళ్ళేవారికి, కొండ ప్రాంతంలో ఇంతకంటే తెలివైన ఎంపిక అరుదు.

కానీ గేరు బండి అలవాటు ఉన్నవారికే ఇందులో ఒక ఉచ్చు ఉంది. మామూలు గేరు బైకుల్లో చాలావరకు కాలి మునివేళ్ళతో పెడల్‌ను కిందికి నొక్కితే గేరు తగ్గుతుంది, పైకి లేపితే పెరుగుతుంది. వేవ్ వంటి బండిలో మునివేళ్ళతో ముందు భాగాన్ని నొక్కితే గేరు పెరుగుతుంది, మడమతో వెనక భాగాన్ని నొక్కితే తగ్గుతుంది. దిగుడు మలుపు ముందు మూడు నుంచి రెండుకు తగ్గిద్దామని పాత అలవాటు కొద్దీ మునివేళ్ళతో నొక్కినవారికి నాలుగో గేరు పడుతుంది; ఇంజిన్ పట్టు పెరగవలసిన చోట సడలి, బండి వేగం అందుకుంటుంది. కాబట్టి బండి తీసుకున్న రోజున ఖాళీ స్థలంలో అరగంట పాటు గేర్లు ఎక్కిస్తూ దింపుతూ, కాలు ఆలోచించకుండా పని చేసేదాకా సాధన చేయాలి. ఆ అరగంట కేటాయించలేనివారు ఈ బండిని కొండల్లోకి తీసుకుపోకపోవడమే మంచిది.

## క్లచ్ ఉన్న గేరు బైకు

వందల కిలోమీటర్లు పోయేవారికి, రాళ్ళు తేలిన మట్టి దారుల్లో తిరిగేవారికి హోండా ఎక్స్‌ఆర్150ఎల్, సీఆర్‌ఎఫ్300ఎల్ వంటివి అసలైన బండ్లు. సస్పెన్షన్ పొడవు, టైర్ల పట్టు, ఇంజిన్ బ్రేకింగ్ అన్నీ వీటికే ఎక్కువ. ఇబ్బంది ఎత్తులో ఉంటుంది: సీఆర్‌ఎఫ్300ఎల్ సీటు నేలకు 880 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పొట్టివారికి వాలు రోడ్డు మీద ఆగినప్పుడు కాలు అందక బండి పక్కకు ఒరిగిపోవడం అతి సాధారణం. వెనక సామాను కట్టి ఉంటే మరీను. అద్దెకు తీసుకునే ముందు రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకు గట్టిగా ఆనుతున్నాయో లేదో సీటు మీద కూర్చుని చూడాలి.

సొంత దేశంలో రోజూ గేరు బైకు నడిపేవారికి తప్ప ఇతరులకు దీనిని సూచించలేను. ఒక దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి పాత బైకు కొని చివర్లో అమ్మేయడమనే పద్ధతి కూడా ఉంది, వియత్నాంలో మరీ ఎక్కువ. అక్కడ హోండా విన్ పేరుతో చేతులు మారే పాత బండ్లలో చాలావరకు నకళ్ళే. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో, బీమా ఉందో లేదో తేలని బండి మీద దూరప్రయాణం పెట్టుకోవడం కంటే, ఒక ఊళ్ళో తీసుకుని మరో ఊళ్ళో అప్పగించే ఏర్పాటున్న అద్దె సంస్థ మేలు.

## చిన్న బండ్లు, విద్యుత్ బండ్లు

వియత్నాంలో 50 సీసీకి, విద్యుత్ బండి అయితే 4 కిలోవాట్లకు మించని వాటికి 16 ఏళ్ళు నిండినవారికి లైసెన్సు అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో కారు లైసెన్సుకే ‘ఏఎం’ తరగతి హక్కు కలిసి వస్తుంది. మోటార్‌సైకిల్ లైసెన్సు లేనివారికి ఇది చట్టబద్ధమైన చిన్న కిటికీ. ఆ కిటికీ ప్రతి దేశంలోనూ ఉండదు. ఉన్నచోట కూడా బీమా పాలసీ ఏమంటుందో విడిగా చూడాలి. చదునైన పాత పట్టణం చుట్టూ తిరగడానికి ఇది చాలు. లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి మీద నెమ్మదిగా పోయే బండి సురక్షితమని మాత్రం అనుకోకూడదు.

## వెనక సీటు

దీనిని ఓటమిగా చూసేవారున్నారు. నా దృష్టిలో చాలామందికి ఇదే మొదటి ఎంపిక కావాలి. వియత్నాం ఉత్తర కొసన, మా పి లెంగ్ కనుమ మీదుగా సాగే హా జాంగ్ వలయంలో స్థానిక చోదకుడి వెనక కూర్చుని తిరిగే ఏర్పాటు బాగా స్థిరపడింది. అలాంటి చోదకులను అక్కడ ఈజీ రైడర్లు అంటారు. పర్మిట్ చెల్లనివారికి, కొండదారి అలవాటు లేనివారికి లోయను కళ్ళారా చూసే అవకాశం వెనక సీటులోనే దొరుకుతుంది. నడిపేవారి చూపు మలుపును దాటి పక్కకు పోకూడదు కదా. ఇక నగరంలో రెండు మూడు చోట్లకు వెళ్ళి రావడానికే అయితే గ్రాబ్, గోజెక్ వంటి బైకు ట్యాక్సీలు దొరికే చోట బండి అద్దెకు తీసుకోవడమే అనవసరం.

ఇందులోని లోటుపాట్లు వేరు. ఆగాలనుకున్న చోట ఆగమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. చోదకుడి తీరు నచ్చకపోతే మధ్యలో దిగిపోలేం. కాబట్టి చోదకుడికి లైసెన్సు ఉందా, ప్రయాణికుడికి సరైన హెల్మెట్ ఇస్తారా, రోజుకు ఎన్ని గంటలు నడుపుతాడు, మధ్యాహ్న భోజనంలో మద్యం ముట్టడు కదా అన్నవి ముందే మాట్లాడుకోవాలి. వియత్నాంలో వాహనం నడిపేవారి రక్తంలోనూ శ్వాసలోనూ మద్యం అసలే ఉండకూడదని చట్టం చెబుతుంది. వెనక కూర్చున్నప్పటి ప్రమాదానికి కూడా కొన్ని ప్రయాణ బీమాలు షరతులు పెడతాయి. ఆ వాక్యాన్ని వెతికి చదవాలి.

## ఎవరికి ఏది

ఎప్పుడూ రెండు చక్రాల మోటారు బండి నడపనివారు విదేశాన్ని శిక్షణ మైదానంగా చేసుకోకూడదు. వారికి వెనక సీటు, లేదా బస్సు. ఈ విషయంలో నేను రాజీ పడను. కారు లైసెన్సు మాత్రమే ఉండి, స్కూటర్ బాగా నడపగలిగినవారి పరిస్థితి కాస్త చిక్కైనది. చేతకాదని కాదు, చట్టం దృష్టిలో హక్కు లేదు. పడిన రోజున నైపుణ్యాన్ని ఎవరూ అడగరు, కాగితాన్ని అడుగుతారు. ప్రయాణం రెండు మూడు నెలల దూరంలో ఉంటే స్వదేశంలోనే మోటార్‌సైకిల్ తరగతి పరీక్ష రాసి, పర్మిట్‌లో ముద్ర వేయించుకోవడం అన్నింటికంటే చవకైన పరిష్కారం.

లైసెన్సు, పర్మిట్ సరిగ్గా ఉండి, తీరప్రాంతంలో నాలుగు రోజులు గడిపేవారికి 110–125 సీసీ ఆటోమేటిక్ చాలు. అదే కాగితాలతో కొండల్లోకి వెళ్ళే ఒంటరి ప్రయాణికుడికి గేరు అలవాటు ఉంటే సెమీ ఆటోమేటిక్, లేకపోతే మళ్ళీ వెనక సీటు. దంపతులు కొండదారికి వెళ్తుంటే ఒకే చిన్న బండి మీద ఇద్దరు, పైన రెండు పెద్ద సంచులు అనే ఏర్పాటు అన్నింటిలోకీ చెడ్డది: బ్రేకుల మీద భారం బాగా పెరుగుతుంది, ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణుకుతుంది. సామానును బస చేసిన చోటే వదిలి మూడు రోజుల బట్టలతో వెళ్ళడమో, ఇద్దరు చోదకులను మాట్లాడుకోవడమో మంచిది. వయసు పైబడినవారు, ఎముకలు పెళుసైనవారు మొదటి నుంచే కారు వైపు చూడాలి. చిన్నపిల్లలతో వెళ్ళేవారి గురించి వేరే చెప్పనక్కర్లేదు; పిల్లల తలకు సరిపడే హెల్మెట్ అద్దె దుకాణంలో దొరకడం చాలా అరుదు.

## ఎవరి దగ్గర తీసుకోవాలి

బస చేసిన చోటే బండి ఇస్తే సౌకర్యమే గానీ, అది ఎవరి బండో, చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేయించారో చెప్పగలిగేవారు అక్కడ ఉండకపోవచ్చు. సొంత మెకానిక్ ఉన్న అద్దె దుకాణం నయం. వరుసగా నిలబెట్టిన బండ్ల టైర్లను చూస్తేనే ఆ యజమాని శ్రద్ధ తెలిసిపోతుంది. నాలుగైదు ఊళ్ళలో శాఖలున్న సంస్థ అద్దె ఎక్కువ తీసుకున్నా, దారిలో బండి ఆగిపోతే ఫోను ఎత్తేవారు ఉంటారు.

హామీగా పాస్‌పోర్టు అడిగితే ఇవ్వకూడదు. పాస్‌పోర్టు వారి సొరుగులో ఉన్నంతవరకు, గీత పడిందంటూ వారు చెప్పిన మొత్తానికి బేరమాడే బలం మనకు ఉండదు. దాని నకలుతో పాటు నగదు డిపాజిట్ ఇవ్వడం, లేదా కార్డు మీద కొంత మొత్తాన్ని ఆపి ఉంచమనడం రెండూ మెరుగైన మార్గాలు. బండి పోతే ఎంత కట్టాలో ఒప్పందంలో అంకెల్లో ఉండాలి. రెండో తాళంచెవి యజమాని దగ్గర ఉంటుంది కాబట్టి, బండి రాత్రుళ్ళు బయట ఉండేటట్లయితే సొంత తాళం ఒకటి వేసుకోవడం మంచిది.

## తాళంచెవి తీసుకునే ముందు

పది నిమిషాలు పట్టే పని ఇది. ముందు బ్రేకు లివరును గట్టిగా పట్టుకుని బండిని ముందుకు వెనక్కి ఊపాలి. లివరు మెత్తగా లోపలికి పోతూ ఉంటే, హ్యాండిల్ మొదట్లో టక్ టక్‌మని చప్పుడు వస్తే ఆ బండి వద్దు. టైరు గాళ్ళలో వేలి గోరు పెట్టి లోతు చూడాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్ళు బాగున్నా పాతబడి గట్టిపడిన రబ్బరు వాన నీటి మీద జారుతుంది. హెడ్‌లైటు, బ్రేకు లైటు, నాలుగు ఇండికేటర్లు, హారన్ వెలిగించి మోగించి చూడాలి. తరువాత యజమాని చూస్తుండగానే బండి చుట్టూ తిరుగుతూ ప్రతి గీతా, ప్రతి నొక్కూ కనిపించేలా వీడియో తీయాలి. పెట్రోలు ముల్లు, మీటరు అంకె కూడా అందులో పడాలి. రిజిస్ట్రేషన్ కాగితం సీటు కింద ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి.

హెల్మెట్ విషయంలో బేరం లేదు. హెల్మెట్ వల్ల మరణాలు దాదాపు 42 శాతం, తల గాయాలు దాదాపు 69 శాతం తగ్గుతాయని, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2008 నాటి సమీక్ష తేల్చింది. దుకాణాల్లో ఊరికే ఇచ్చే, చెవుల పైదాకా మాత్రమే వచ్చే ప్లాస్టిక్ టోపీలు ఆ లెక్కలోకి రావు. గడ్డాన్ని కప్పే హెల్మెట్‌ను సొంతంగా తెచ్చుకోవడమో, అక్కడ కొనుక్కోవడమో చేయాలి. పెట్టుకుని పట్టీ బిగించాక తలను అటూ ఇటూ తిప్పితే చర్మం కూడా దానితో కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. పొడవు ప్యాంటు, కాలి మడమను కప్పే బూట్లు ఎండలోనూ తప్పవు. బండిని ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కి దిగాలి, ఎందుకంటే వేడెక్కిన సైలెన్సరు కుడి వైపు ఉంటుంది. పిక్క మీద పడే ఆ కాలిన మచ్చ పర్యాటకుల్లో ఎంత మామూలంటే, థాయిలాండ్‌లో దానిని సరదాగా థాయ్ పచ్చబొట్టు అంటారు.

బండిని పగటి వెలుతురులో, దుకాణం తెరిచి ఉన్న వేళకు తిరిగి అప్పగించాలి. చీకటి పడ్డాక, విమానానికి గంట ముందు అప్పగించేవారితోనే గీతల గొడవలు ఎక్కువగా జరుగుతాయి. తీసుకున్న రోజు వీడియోను పక్కన పెట్టి మళ్ళీ బండి చుట్టూ తిరిగి చూపించి, డిపాజిట్ చేతికి వచ్చాకే తాళంచెవి ఇవ్వాలి.